లోపల ఉన్నంతసేపూ పాడాలి

జువాలజీ స్టాఫ్ రూం,
జూన్ మొదటి వారం

అత్తకి,

నీ కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. దానికి ఒక కాలు పొట్టి అని ఒక్క మాట చెప్పకుండా రిటైరైపోయావు. మొదటిరోజే పిల్లలందరి ముందూ పక్కకి ఒరిగిపోయాను. కొత్త మేడం కదా అని పాపం ఎవరూ నవ్వలేదు. వాళ్ళు నవ్వి ఉంటేనే బాగుండేది, ఆ జాలి భరించడం కష్టమైంది. ఫోన్లో తిడదామంటే నీకు వినపడదు. పైగా కాలేజీ మొత్తానికి ఉన్న ఒకే ఒక్క ఫోను ప్రిన్సిపాల్ గదిలో ఉంది. అందుకని ఇక నుంచి మనకి ఉత్తరాలే గతి. చెవులు మొరాయించినా కళ్ళు నీ మాట వింటున్నాయిగా.

అసలు సంగతి చెబుతాను. నీ బీరువాలో నీ సిలబస్ కాగితం దొరికింది. నాలుగు పేజీలా అత్తా! యూనిట్లు, మార్కులు, చదవాల్సిన పుస్తకాలు కలిపి ఒక పేజీ. మిగతా మూడు పేజీలూ నీ నియమాలు. నేను పడీపడీ నవ్వుతుంటే పక్క టేబుల్ ఫిజిక్స్ మాస్టారు, ఏమైంది, మీ వాళ్ళెవరైనా పాసయ్యారా అని అడిగాడు. ఆయనకి కూడా చదివి వినిపించాను. ‘బొద్దింకకి పేరు పెట్టకూడదు, పెడితే కోయలేరు’ అన్నావే, అక్కడ ఆయన టీ ఒలకబోసుకున్నాడు. ‘కప్ప గెంతి పారిపోతే వెంటపడకూడదు, అది మనకన్నా బాగా గెంతుతుంది, ఆ విషయం మూడో యూనిట్లో ఉంది’ అన్నది నాకు బాగా నచ్చింది. ‘మైక్రోస్కోపులో కనిపించింది గీయాలి, పుస్తకంలో బొమ్మ గీసినవాళ్ళ మార్కులు పుస్తకానికే పోతాయి’ అన్నదాన్ని నేను వాడేసుకుంటున్నాను, నీ అనుమతి అడగడం లేదు.

అన్నిటికన్నా విచిత్రం, నమూనాల సీసాలు దాచే కోల్డ్ రూం నియమం. ‘కోల్డ్ రూంలోకి వెళ్ళినవాళ్ళు లోపల ఉన్నంతసేపూ గొంతెత్తి పాడాలి. తలుపు బయట ఒకరు నిలబడి వినాలి. పాట ఆగితే తలుపు తెరవాలి. పాటలు రానివాళ్ళు ఎక్కాలు చదవచ్చు. గొంతు బాగోదన్నది సాకు కాదు, లోపల వినేవన్నీ సీసాల్లో ఉన్న పాములే.’ ఇది చదివి ఉత్తి సరదా అనుకున్నాను. తీరా చూస్తే పిల్లలు నిజంగానే పాడుతున్నారు! నిన్న ఒకడు లోపలికెళ్ళి పన్నెండో ఎక్కం దగ్గర ఆగిపోయాడు. బయట స్టోర్ తాళాలగుత్తితో నిలబడ్డ స్టోరమ్మ తలుపు తీసి వాడి చెవి పట్టుకుని బయటికి లాగింది. వాడికి పన్నెండో ఎక్కం రాదట, అంతే.

ఇప్పుడు చిక్కేమిటంటే, కొత్త ప్రిన్సిపాల్‌కి కాగితం అంటే ప్రాణం. ఏ శాఖ సిలబస్ అయినా ఒక్క పేజీ, కాపీలు తీసే స్టెన్సిల్ ఒక్కటి దాటకూడదని సర్క్యులర్ పంపాడు. ఆ సర్క్యులర్ మాత్రం రెండు పేజీలుంది. పిల్లలు అప్పుడే ఆయనకి ‘ఒక్కపేజీ దొర’ అని పేరు పెట్టేశారు. కాబట్టి నీ మూడు పేజీలూ నేను కొయ్యక తప్పదు. ఏవి ఉంచమంటావో రాయి. నీ సరుకు కదా, అడగకుండా కోస్తే బాగుండదు.

నీ
పిడుగు

మేడమీద వాటా,
జూన్ మూడో వారం

పిడుగుకి,

ఆ కుర్చీ కాలు కింద నేను మడిచిన అట్టముక్క పెట్టేదాన్ని. వచ్చేటప్పుడు తీసి పుస్తకంలో గుర్తు కోసం పెట్టుకున్నాను. నువ్వు ఒరిగావని చదివి ఒక పూటంతా నవ్వుకున్నాను. ఇక్కడ నవ్వుకోవడానికి నాకు ఇంకేం లేదు. కింద వాటావాళ్ళు రోజంతా పోట్లాడుకుంటారట, నాకు పెదాలే కనిపిస్తాయి.

నియమాల గురించి అడిగావు. ఒసేయ్, అందులో ఒక్కటి కూడా నేను ఊహించి రాసింది కాదు. ప్రతి దాని వెనకా ఒక మొనగాడు ఉన్నాడు. ఒకడు బొద్దింకకి తన మేనమామ పేరు పెట్టుకుని, కత్తెర చేతిలోకి తీసుకున్నాక బావురుమని ఏడ్చి, దాన్ని జేబులో వేసుకుని ఇంటికి పట్టుకుపోయాడు. కప్ప వెంటపడింది పిల్లలు కాదు, మన లెక్చరరే. మెట్ల మీద నుంచి దొర్లి కాలు విరగ్గొట్టుకున్నాడు, కప్ప మాత్రం దొరకలేదు. ‘హెచ్చరిక’ అని పెద్ద అక్షరాలతో రాస్తే ఎవడూ చదవడు. నవ్వొచ్చేలా రాస్తే ఒకడు చదివి పదిమందికి చెబుతాడు. ఉద్యోగంలో నేను నేర్చుకుంది అదొక్కటే.

అన్నీ కోసేసుకో, నాకేం బాధ లేదు. కోల్డ్ రూం నియమం ఒక్కటి మాత్రం తీయకు. యూనిట్లలో ఏదైనా తీసినా పరవాలేదు గానీ దాన్ని ఉంచు. ఎందుకంటావేమో, ఆ తలుపు గడియ పాతది, అప్పుడప్పుడు లోపలి నుంచి రాదు. అంతకుమించి ఏమీ లేదు.

స్టోరమ్మ ఎలా ఉంది? నన్ను తలుచుకుంటుందా? ఆమె కూతురు ఇంటర్ పాసయి మన కాలేజీలోనే చేరుతుందని విన్నాను. చేరిందా? ఏ గ్రూపు తీసుకుంది? మర్చిపోకుండా రాయి.

మీ అత్త

జువాలజీ స్టాఫ్ రూం,
జూలై

అత్తకి,

నీ పిడుగు సాధించింది. సిలబస్ ఒక్క పేజీకి వచ్చింది. ఒక్కపేజీ దొర స్టాఫ్ మీటింగులో దాన్ని పైకెత్తి అందరికీ చూపించాడు. కెమిస్ట్రీవాళ్ళు నన్ను కొరకొరా చూశారు. పిల్లలు మాత్రం ఉసూరుమన్నారు. ‘పాత మేడం కాగితం చదివితే సినిమా చూసినట్టుండేది, ఇది టైంటేబుల్‌లా ఉంది’ అని వెనక బెంచీ నుంచి వినిపించింది.

కోపం తెచ్చుకోకు, కోల్డ్ రూం నియమం కూడా తీసేశాను. గడియ సంగతి నువ్వు రాశాక వడ్రంగిని పిలిపించాను. కొత్త గడియ వేయించి, లోపల వైపు కూడా చక్కటి పిడి పెట్టించాను. నేనే లోపలికి వెళ్ళి తలుపు మూసుకుని, చిటికెన వేలితో తెరుచుకుని వచ్చాను. నియమానికి ఉన్న ఆ ఒక్క కారణమూ పోయింది కదా. పైగా ఈ మధ్య పాటల వల్ల పక్కన లెక్కల క్లాసు సాగడం లేదని ఫిర్యాదు వచ్చింది.

గదికి ఇంకా చాలా మరమ్మతులు చేయించాం. కంప్రెసర్ రోజు మార్చి రోజు మొరాయిస్తోంది. కొత్తది కొనే ఓపిక కాలేజీకి లేదు. ప్రిన్సిపాల్ ఒక ఉపాయం కనిపెట్టాడు. చేపల ఎగుమతి ఫ్యాక్టరీ నుంచి డ్రై ఐస్ పెట్టెలు తెప్పిస్తున్నాడు. పొగలు కక్కుతూ భలేగా ఉంటాయి, నీళ్ళు కూడా కారవు. వాటిని కోల్డ్ రూంలోనే కింది అరల పక్కన పేర్చేస్తున్నాం. చలవ బయటికి పోతోందని గోడ అడుగునున్న వెంటిలేటర్‌కి అట్ట కొట్టి మూసేశారు. ఇప్పుడు గది నిజంగా గడగడలాడిస్తోంది.

స్టోరమ్మ బాగానే ఉంది. నిన్ను తలుచుకోని రోజు లేదు. ఒకరోజు ఆవిడతో కూర్చుని టీ తాగాను. వాళ్ళాయన కూడా ఇక్కడే అటెండర్‌గా చేసేవాడట కదా, డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోయాడట. ఆవిడ ఏడవలేదు అత్తా, పళ్ళు నూరింది. ‘గుండెలో జబ్బు పెట్టుకుని నాతో ఒక్క మాట అనలేదమ్మా. చెప్పుంటే ఈడ్చుకెళ్ళి చూపించేదాన్ని. అంత పరాయిదాన్నా నేను?’ అంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా చచ్చిపోయిన మనిషి మీద ఇంత కోపం ఉంటుందా అని ఆశ్చర్యపోయాను.

కూతురు నా క్లాసే, మొదటి సంవత్సరం. నెమ్మదస్తురాలు. గీసిన బొమ్మ చూస్తే అచ్చు వేసినట్టుంటుంది. కోల్డ్ రూంలో సీసాలన్నిటికీ కొత్త చీటీలు అంటించే పని ఆ అమ్మాయికి అప్పగించాను. తల్లి తలుపు దగ్గర నిలబడి పాడమ్మా పాడమ్మా అని గొణుగుతుంటే, ‘అది కాగితంలోంచి తీసేశారమ్మా, అందరూ నవ్వుతారు’ అని ఆ అమ్మాయే సర్దిచెప్పింది.

నీ
పిడుగు

మేడమీద వాటా,
జూలై ఆఖరు

పిడుగుకి,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. చెప్పులు కూడా విప్పకుండా జవాబు రాస్తున్నాను.

ఆ నియమాన్ని మళ్ళీ పెట్టు. కాగితం మీద చోటు లేకపోతే గది తలుపు మీద సుద్దతో రాయి. వెంటిలేటర్‌కి కొట్టిన అట్ట ఈ రోజే పీకించు. అది చలవ కోసం పెట్టింది కాదు, నేనే గోడ కొట్టించి పెట్టించాను. ఐసు పెట్టెలు ఆ గదిలో ఉండటానికి వీల్లేదు, వరండాలో పడేయించు, కరిగితే కరగనీ.

అన్నిటికన్నా ముందు, ఆ పిల్లని ఆ గదిలోకి పంపకు. ఇంకెవరినైనా పంపమని కాదు, ఎవరినీ పంపకు, ఆ పిల్లని అసలు పంపకు. ఎందుకని అడగకు. స్టోరమ్మతో ఈ మాట అనకు. నేను చెప్పానని ప్రిన్సిపాల్‌కి కూడా తెలియక్కర్లేదు.

చేశానని ఒక కార్డు ముక్క రాస్తే చాలు.

మీ అత్త

జువాలజీ స్టాఫ్ రూం,
ఆగస్టు

అత్తకి,

నీ ఉత్తరం చదివాక నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చల్లారాక రాద్దామని ఆగాను, అందుకే ఇంత ఆలస్యం.

అది పెట్టు, ఇది పీకు, వాళ్ళని పంపకు, ఎందుకని అడగకు. నేనేమైనా నీ క్లాసులో వెనక బెంచీ పిల్లనా? ‘మేనత్త ఖాళీ చేస్తే మేనకోడలు కూర్చుంది’ అని కారిడార్‌లో అంటూనే ఉన్నారు. నేను నా మార్కులతో, నా ఇంటర్వ్యూతో వచ్చానని ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ తిరగలేను. ఇప్పుడు పోయి ప్రిన్సిపాల్‌తో, ‘మా అత్త వద్దంది, అందుకని మీ ఐసు బయట పడేయండి’ అనమంటావా? ఎందుకు అంటే నేనేం చెప్పాలి? గడియ అన్నావు, గడియ బాగుచేయించాను. ఇప్పుడు ఇంకోటేదో ఉందంటున్నావు. అదేమిటో చెప్పు, సబబుగా ఉంటే నేనే దగ్గరుండి చేయిస్తాను. చెప్పకపోతే ఇది నా సిలబస్, నా క్లాసు.

ఇంకో మాట. ఇక్కడేం కొంపలు మునగలేదు. చీటీల పని చకచకా సాగుతోంది. పోయిన వారం ఆ అమ్మాయి గదిలోంచి వచ్చి మెట్టు మీద కూలబడింది. తల పగిలిపోతోంది మేడం, ఊపిరి అందడం లేదు, కళ్ళ ముందు చుక్కలు కనిపిస్తున్నాయి అంది. పొద్దున ఏం తిన్నావు అంటే టీ తాగానంది. ఖాళీ కడుపుతో చలిలో పనిచేస్తే అంతే మరి అని నాలుగు చీవాట్లు పెట్టి బిస్కెట్లు తినిపించాను. కాసేపటికి తేరుకుంది. నీకు చెబితే దీన్ని కూడా ఒక నియమం చేస్తావు, ‘ఖాళీ కడుపున పాముల్ని చూడరాదు’ అని.

ప్రాక్టికల్ పరీక్షలకి ఇంకెంతో వ్యవధి లేదు. ఈ శనివారం క్లాసులు అయిపోయాక మిగిలిన సీసాలన్నీ ఆ అమ్మాయి ఒకేసారి పూర్తిచేస్తానంది. నేను పేపర్లు దిద్దడానికి ఇంటికి వెళ్ళిపోతాను. శనివారం మధ్యాహ్నం ఎవరూ ఉండరు. ప్రిన్సిపాల్ గది తాళాలతో సహా అన్నీ స్టోరమ్మ దగ్గరే ఉంటాయి, కాబట్టి తల్లీ కూతుళ్ళిద్దరూ తాపీగా పని చేసుకోవచ్చు. తలుపు దగ్గర తల్లి నిలబడుతుంది, నీకు అంతకన్నా ఏం కావాలి?

నీ మీద ఇంకా కోపంగా ఉన్న
పిడుగు

మేడమీద వాటా,
శనివారం

పిడుగుకి,

నీ ఉత్తరం ఈ మధ్యాహ్నం టపాలో వచ్చింది. చదివితే శనివారం అంటే ఇవాళేనని తెలిసింది. పోస్టాఫీసుకి పరిగెత్తి మీ కాలేజీకి ట్రంక్ కాల్ కట్టించాను. అవతల ఏమన్నారో నాకు వినపడదు. కౌంటర్లో ఉన్నాయన ‘ఎత్తారు, మాట్లాడండి’ అని చేత్తో సైగ చేశాడు. ఎత్తింది ప్రిన్సిపాలో, గుమాస్తానో. ఎవరైతే నాకేం. పోస్టాఫీసంతా తిరిగి చూసేలా అరిచాను. ‘కోల్డ్ రూంలో ఐసు ఉంది, ఆ పిల్లని బయటికి లాగండి. వాళ్ళ నాన్న పోయింది గుండె ఆగి కాదు, ఆ ఐసు గాలితోనే పోయాడు. మీ కాలేజీయే దాచిపెట్టింది. ముందు పిల్లని లాగండి’ అని, లైను తెగేదాకా అదే మాట మళ్ళీ మళ్ళీ అరిచాను. తర్వాత కౌంటరాయన నాకు మంచినీళ్ళు ఇచ్చాడు.

కారణం అడిగావు. ఇదిగో, చదువుకో.

అప్పుడు కూడా కంప్రెసర్ చెడిపోయింది. అప్పటి ప్రిన్సిపాల్ కూడా ఇదే ఉపాయం కనిపెట్టాడు. అటెండర్ మంచి పనిమంతుడు, పిలిస్తే పలికేవాడు. సీసాలు సర్దమని లోపలికి పంపారు. చాలాసేపటికి గానీ ఎవరికీ గుర్తురాలేదు. తలుపు తీసింది నేను. కింది అరకి ఆనుకుని కూర్చున్నాడు, ఒళ్ళో సీసా పడకుండా రెండు చేతులా పట్టుకుని. కునుకు తీస్తున్నాడనుకుని కేకలేశాను. దగ్గరికి వెళ్ళి వంగేసరికి నాకే కళ్ళు తిరిగాయి, వెంటనే బయటికొచ్చి పడ్డాను కాబట్టి బతికాను. ఆ ఐసు కరిగి నీళ్ళవదు, గాలవుతుంది. మనం వదిలే గాలే అది. బరువు కాబట్టి కిందకి దిగి కూర్చుంటుంది, రంగుండదు, నిలబడ్డవాడి కంటే వంగినవాడిని ముందు పట్టుకుంటుంది. ఇది నీకు నేను చెప్పాలా? నువ్వు పరీక్షలో రాశావు, ఇప్పుడు పాఠం చెబుతున్నావు. తల పగులుతోంది, ఊపిరి అందడం లేదని ఆ పిల్ల నీకు చెప్పనే చెప్పింది కదే!

డాక్టర్ గుండె అని రాశాడు. రాయించారు. ప్రిన్సిపాల్ నన్ను తన గదిలో కూర్చోబెట్టి, గది వల్ల పోయాడని తేలితే విచారణ వస్తుంది, గుండె ఆగి పోయాడంటే రేపే భార్యకి స్టోర్లో ఉద్యోగం వేస్తాను అన్నాడు. ఆమె చంకలో ఆ పిల్ల ఉంది, ఇంకా సరిగ్గా నడక కూడా రాలేదు. నేను సరే అన్నాను. నాది తప్పని ఇవాళ్టికీ అనుకోవడం లేదు. విచారణ జరిగి ఉంటే ఏళ్ళు పట్టేది, చేతికి నాలుగు కాగితాలు వచ్చేవి. ఇప్పుడు ఆమెకి ఉద్యోగం ఉంది, పిల్ల చదువుకుంటోంది. ఐసు మళ్ళీ రాకుండా చూశాను, గోడ కొట్టించాను. కానీ నేను వెళ్ళిపోయాక ఏ తెలివైనవాడు మళ్ళీ తెస్తాడో అన్న భయం ఉండేది. కారణం రాయడానికి వీల్లేదు. కారణం లేని నియమాన్ని ఎవడూ పట్టించుకోడు. అందుకని నవ్వొచ్చేలా రాశాను. నవ్వుకుంటూనైనా పాడతారు, పాడేవాడికి ఊపిరి ఆడకపోతే బయటున్నవాళ్ళకి తెలుస్తుంది.

నీకు గడియ అని చెప్పాను. పేచీ పెట్టకుండా ఆ ఒక్కటి ఉంచుతావనుకున్నాను. నువ్వు బాగుచేయిస్తావని అనుకోలేదు.

స్టోరమ్మకి ఇది తెలియకూడదు. ఫోను ఎత్తినవాళ్ళెవరో కనుక్కుని వాళ్ళ నోరు నొక్కు. ఇన్నేళ్ళు గడిచాక ఆమెకి ఇది తెలిసి లాభమేముంది? నేను అక్కడికి రాలేను. వస్తే ఆమె మొహం చూడాలి. పిల్ల ఎలా ఉందో ఒక్క ముక్క రాయి. టపా బండి కదిలే వేళయింది, ఇంకేం రాయలేను.

మీ అత్త

జువాలజీ స్టాఫ్ రూం,
సెప్టెంబరు

అత్తకి,

పిల్ల బతికింది. ముందు ఆ మాట రాశాను, ఇక మిగతాది స్థిమితంగా చదువు.

శనివారం ఆ అమ్మాయి లోపల ఉంది, తల్లి తలుపు బయట ముక్కాలి పీట మీద కూర్చుంది. పాట వద్దని మేమే చెప్పాం కాబట్టి లోపల నిశ్శబ్దంగా ఉన్నా ఆవిడకి అనుమానం రాలేదు. ప్రిన్సిపాల్ గదిలో ఫోను మోగి మోగి ఆగడం లేదట. ఫ్యాక్టరీవాళ్ళేమోనని తాళం తీసి వెళ్ళి ఎత్తింది.

అవును అత్తా, ఎత్తింది ఆవిడే. నువ్వు అరిచిందంతా ఆవిడే వింది. ‘నేనేనండీ, స్టోరమ్మని’ అని చెబుతూనే ఉన్నానంది, నీకు వినపడలేదు. నువ్వు రెండోసారి మొదలుపెట్టేసరికి రిసీవర్ కింద పడేసి పరిగెత్తింది. పిల్ల కింది అరకి ఆనుకుని కూర్చుని ఉంది, తల వాలిపోయి ఉంది. జుట్టూ చెయ్యీ ఏది అందితే అది పట్టుకుని ఈడ్చింది. గడప దాటేసరికి ఆవిడ కూడా పడిపోయింది. వాచ్‌మన్ చూసి రిక్షా పిలిచాడు. ఇంకాసేపు అయి ఉంటే లాభం లేకపోయేదని డాక్టర్ అన్నాడు. నీ ఫోనే బతికించింది. ఆ మాట నీకు రాయకపోతే అన్యాయం.

నేను ఆస్పత్రికి వెళ్ళేసరికి ఒక్కపేజీ దొర అప్పటికే అక్కడున్నాడు. నన్ను వరండా చివరికి తీసుకెళ్ళి మెల్లగా చెప్పాడు. పిల్ల తిండి సరిగ్గా తినక పడిపోయిందని రాయించుకుందాం, గది సంగతి ఎందుకు, తల్లి ఉద్యోగమూ నిలబడుతుంది, ఏడాది చివర మీది పర్మనెంటూ అవుతుంది అన్నాడు. స్టోరమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది, మా మాటలు వినబడేంత దగ్గరలోనే. తలెత్తి చూసింది. ‘నాకు ఇంతకుముందు ఒకసారి ఇలాగే ఉద్యోగం ఇచ్చారు సార్’ అంది. ఆయన గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

నేను డాక్టర్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. ఐసు, మూసేసిన వెంటిలేటర్, అంతకు వారం ముందు పిల్ల చెప్పిన తలనొప్పి, నేను తినిపించిన బిస్కెట్లు, అన్నీ. ఆ వారమే క్లాసులో శ్వాసక్రియ చెప్పాను అత్తా. బోర్డు మీద పెద్ద బొమ్మ వేసి, ఏ గాలి లోపలికి పోతుంది, ఏది బయటికి వస్తుంది అని. మొదటి బెంచీలో కూర్చుని ఆ బొమ్మని అందరికన్నా బాగా గీసింది ఆ అమ్మాయే. నాకు ఛార్జిమెమో వచ్చింది. రెండు పేజీలుంది. జవాబు రాశాను, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. నువ్వు చేసింది తప్పు కాదన్నావు. నీతో వాదించే ఓపిక నాకు లేదు. నేను మాత్రం నీలా చేయలేకపోయాను.

నీ ఉత్తరం స్టోరమ్మకి చూపించాను. నోరు నొక్కమన్నావు, కానీ ఎవరి నోరు నొక్కను? ఆవిడ కవరు చేతిలోకి తీసుకుంది, తెరవలేదు. మళ్ళీ నాకే ఇచ్చేసింది. కిటికీలోంచి బయటికి చూస్తూ, నాతో కాదన్నట్టు చెప్పుకుంది.

‘ఇన్నేళ్ళూ ఆయన్ని తిట్టుకున్నానమ్మా. నాకు చెప్పకుండా పోయాడని. ఆయన ఫొటో కూడా గోడకి పెట్టుకోలేదు, మొహం చూస్తే కోపమొచ్చి. చెప్పనిది ఆయన కాదన్నమాట.’

నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి రాలేదు. మీ అత్తయ్యగారు నాకు రోజూ ఎదురుపడేవారు, నా పిల్ల పుస్తకాలకి అట్టలు వేసి పెట్టేవారు, నాతో కూర్చుని టీ తాగేవారు అని ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ పోయింది. నిష్ఠూరంగా కాదు, సీసాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంటున్నట్టు. ఉత్తరంలో అత్త అంతా రాసింది, చదివి వినిపించనా అన్నాను. వద్దంది. ‘ఆవిడే వచ్చి చెప్పాలి. నేను ఎదురుగా కూర్చుని వింటాను’ అంది.

అప్పటినుంచి ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. పనికి వస్తోంది, తాళాలు తీస్తోంది, వేస్తోంది. పిల్ల ఇంటి దగ్గరే ఉంది, ఇంకా ఎక్కువసేపు నిలబడలేకపోతోంది. సోమవారం నుంచి స్టోర్ గదిలో తన కుర్చీకి ఎదురుగా ఇంకో కుర్చీ వేసి ఉంచింది. ఎవరినీ కూర్చోనివ్వడం లేదు. ప్రిన్సిపాల్ వచ్చినా నిలబెట్టే మాట్లాడింది. రోజూ పొద్దున గుడ్డ పెట్టి దాన్ని తుడుస్తోంది. నువ్వు ఎప్పుడొస్తావని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు.

నీ
పిడుగు